ఎర్ర గీతలు పడిన ఐదు వాక్యాలు

అమ్మా, మీరు పంపిన వాక్యాలు రెండుసార్లు చదివాను. మీ సంగతి తెలియనివారి కోసం ముందు నాలుగు మాటలు. మీది కావలి. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివారు. నెల్లూరులో రొయ్యలు ఎగుమతి చేసే ఒక సంస్థలో ఉద్యోగం. విదేశాల్లోని కొనుగోలుదారులకు రోజూ ఇంగ్లీషులో మెయిళ్ళు రాయడం మీ పని. పోయిన వారం మీ మేనేజరు ఐదు వాక్యాల కింద ఎర్ర గీత గీసి, కారణం చెప్పకుండా తిప్పి పంపాడు. ‘వ్యాకరణం పుస్తకం రెండుసార్లు పూర్తి చేశాను, రాసేటప్పుడు మళ్ళీ అవే తప్పులు వస్తున్నాయి, నా బుర్రలోనే లోపం ఉందా’ అని మీ ప్రశ్న.

బుర్రలో లోపం ఏమీ లేదు. కందుకూరు నుంచి కోవూరు దాకా ఈ వైపు బడుల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు వీధిలో వాళ్ళ ఉత్తరాలు దిద్దిపెడుతూ కాలక్షేపం చేస్తున్నాను. మీ ఐదు తప్పులూ నాకు పాత చుట్టాలే. అయిదూ తెలుగులోంచి వచ్చినవే. అందుకే పుస్తకం మూడోసారి చదవమని చెప్పను. తెలుగు వాక్యాన్నే కాస్త విప్పి చూడమంటాను, ఎందుకంటే సగం మందు అక్కడే ఉంది.

మొదటి వాక్యం: ‘వియ్ హావ్ సెంట్ ద శాంపిల్స్ ఎస్టర్‌డే.’ మనకు ‘పంపాము’ ఒక్కటే. నిన్న పంపినా, ఇప్పుడే పంపినా, ఎప్పుడో పంపినా అదే మాట. ఇంగ్లీషుకు అది చాలదు. ఎప్పుడు జరిగిందో వాక్యంలో చెప్పేస్తే అది గడిచిపోయిన సంగతి, అక్కడ ‘సెంట్’ చాలు. ఎప్పుడన్నది చెప్పకుండా, ‘పంపాము, ఇక మీరు చూసుకోవచ్చు’ అన్న భావం ఉంటే ‘హావ్ సెంట్’. కాబట్టి రాసిన వాక్యాన్ని ‘ఎప్పుడు?’ అని అడగండి. నిన్న, సోమవారం, 2019లో అని వాక్యమే జవాబు చెబితే ‘హావ్’ కొట్టేయండి.

మన పక్క జిల్లానే ఉదాహరణగా తీసుకుందాం. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మారింది. పేరు మారిన సంగతి చెప్పేటప్పుడు ‘వాజ్ రీనేమ్డ్ ఇన్ 1972’ అనాలి. అక్కడ ‘హాజ్ బీన్’ అంటే తప్పు, తేదీ వచ్చేసింది కదా. కానీ అప్పటి నుంచి ఇప్పటిదాకా అదే పేరుతో ఉంది అనాలంటే ‘హాజ్ హాడ్ దట్ నేమ్ సిన్స్ 1972’. మొదటిది తలుపు మూసేసిన గది. రెండో దాని తలుపు ఇంకా తెరిచే ఉంది.

దీనికి తోడు ‘హాడ్’ జబ్బు ఒకటి ఉంది. ‘ఐ హాడ్ గాన్ టు ఒంగోల్ ఎస్టర్‌డే’ అని రాసేవాళ్ళు మన వైపు చాలామంది. ‘హాడ్’ పెడితే మర్యాదగా ఉంటుందని ఎవరు నేర్పారో తెలియదు. ఒక పాత సంగతి కంటే ముందు ఇంకో పాత సంగతి జరిగినప్పుడే దాని అవసరం. నేను స్టేషనుకు చేరేసరికి పినాకిని ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. చేరడం పాతదే, వెళ్ళిపోవడం అంతకంటే పాతది. అప్పుడు ‘ద పినాకిని హాడ్ లెఫ్ట్’. బండి తప్పిపోయినవాడికే ‘హాడ్’ దక్కుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి.

రెండోది: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్.’ ఇందులో రెండు తప్పులు. మొదటిది, ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న పనికి ‘యామ్ వర్కింగ్’ కాదు, ‘హావ్ బీన్ వర్కింగ్’. రెండోదే అసలు చిక్కు. మన ‘నుంచి’ రెండు పనులు చేస్తుంది. ‘2022 నుంచి’ అంటాం, ‘మూడేళ్ళ నుంచి’ అనీ అంటాం. మొదటిది పని మొదలైన చోటు, రెండోది ఎంతకాలం సాగిందో కొలత. ఇంగ్లీషులో మొదలైన చోటుకు ‘సిన్స్’, కొలతకు ‘ఫర్’.

దీన్ని పట్టుకోవడానికి ఒక కిటుకు చెబుతాను. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడేళ్ళుగా’ కుదిరింది, కాబట్టి ‘ఫర్’. ‘2022గా’, ‘సోమవారంగా’ అంటే చెవికి మోటుగా లేదూ? కుదరలేదు, కాబట్టి ‘సిన్స్’. ఇంకో తమాషా చూడండి. ‘రెండు గంటల నుంచి ఎదురు చూస్తున్నాను’ అంటే తెలుగులోనే రెండు అర్థాలు. గడియారంలో రెండు కొట్టినప్పటి నుంచీ కావచ్చు, రెండు గంటల సేపూ కావచ్చు. ‘రెండు గంటలుగా’ అంటే ఆ గొడవ లేదు. మన భాషలోనే ఉన్న ఈ తేడాను ఇంగ్లీషు రాసేటప్పుడు మరిచిపోతున్నాం, అంతే.

మూడోది తేలిక: ‘ద డ్రైవర్ డిడ్ నాట్ ఇన్‌ఫామ్డ్ అస్.’ తెలుగులో ‘చెప్పాడు’కు వ్యతిరేకం ఏమిటి? ‘చెప్పలేదు’. ‘చెప్పాడులేదు’ అని ఊళ్ళో చదువురాని ముసలమ్మ కూడా అనదు. ‘చెప్ప’ దగ్గర కాలం లేదు, ఆ బరువంతా ‘లేదు’ మోస్తోంది. ఇంగ్లీషులో ఆ బరువు మోసేది ‘డిడ్’. అది మోస్తుంటే వెనకవాడి నెత్తిన ఇంకో మూట ఎందుకు? ‘డిడ్ నాట్ ఇన్‌ఫామ్’ చాలు. ప్రశ్నలోనూ అంతే.

నాలుగోది: ‘వియ్ డిస్కస్డ్ అబౌట్ ద రేట్.’ రేటు గురించి చర్చించాము అన్న వాక్యంలో ‘గురించి’కి బదులు మీరు ‘అబౌట్’ పెట్టారు. కానీ ‘డిస్కస్’ అనే మాట కడుపులో ‘గురించి’ ముందే ఉంది. ‘డిస్కస్డ్ ద రేట్’ అనాలి. ‘మెన్షన్’ కూడా ఇదే జాతి. ‘ఆర్డర్’, ‘రిక్వెస్ట్’ క్రియలుగా వచ్చినప్పుడు వాటి వెనక ‘ఫర్’ పెట్టకూడదు, ‘రీచ్’ వెనక ‘టు’ పెట్టకూడదు. అవే నామవాచకాలైతే లెక్క మారుతుంది. ‘ఎ డిస్కషన్ అబౌట్ ద రేట్’, ‘ఎ రిక్వెస్ట్ ఫర్ శాంపిల్స్’ నిక్షేపంగా సరైనవి. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది జీవితాంతం ‘డిస్కస్ అబౌట్’ అంటారు.

దీనికి ఎదురు జబ్బు కూడా మీ మెయిల్‌లో కనిపించింది, మీ మేనేజరు దాన్ని చూసినట్టు లేదు. ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మీ ద డిలే’ అని రాశారు. నాకు వివరించండి అన్నప్పుడు తెలుగులో ‘కు’ ఉంది కదా, దాన్ని ఎందుకు మింగేశారు? ‘టెల్ మీ’, ‘గివ్ మీ’ అలవాటై ఉంటుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’, ‘సే’ ఈ మూడూ మనిషిని నేరుగా ముట్టుకోవు. మధ్యలో ‘టు’ ఉండాలి. ‘హీ సెడ్ మీ’ తప్పు, ‘హీ టోల్డ్ మీ’ ఒప్పు, ‘హీ సెడ్ టు మీ’ కూడా ఒప్పే. మనకు అన్నిటికీ ‘చెప్పు’ ఒక్కటే ఉండటం వల్ల ఈ తిప్పలు. కథ చెబుతాం, పాఠం చెబుతాం, క్షమాపణ చెబుతాం, కృతజ్ఞత చెబుతాం. ఇంగ్లీషులో కథకు ‘టెల్’, పాఠానికి ‘టీచ్’, క్షమాపణకు ‘అపాలజైజ్’, కృతజ్ఞతకు ‘థ్యాంక్’. నాలుగు చోట్లా వేరే క్రియే.

‘చెప్పు’ కంటే పెద్ద ఘనుడు ‘వేయు’. తలుపు వేస్తాం, తాళం వేస్తాం, లైటు వేస్తాం, బొమ్మ వేస్తాం, రోడ్డు వేస్తాం, ఓటు వేస్తాం, రొయ్యలకు మేత వేస్తాం. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది, ఒక్క మాటతో రెండు ఎదురు పనులు! ఇంగ్లీషులో వీటికి వరసగా ‘షట్’, ‘లాక్’, ‘స్విచ్ ఆన్’, ‘డ్రా’, ‘లే’, ‘కాస్ట్’, ‘ఫీడ్’. దేనికి ఏది అన్నదానికి సూత్రం లేదు. క్రియను ఒంటరిగా నేర్చుకుంటే ఎప్పటికీ రాదు, దాని పక్కన కూర్చునే నామవాచకంతో జంటగా నేర్చుకోవాలి. ‘మేక్’ ఒక పేజీ, ‘డూ’ ఒక పేజీ రాసి బట్టీ పట్టే పుస్తకాలు నాకు నచ్చవు. తప్పు చేయడానికి ‘మేక్ ఎ మిస్టేక్’, పని చేయడానికి ‘డూ ద వర్క్’ అని మీ రోజువారీ మెయిళ్ళలో ఎదురైన జంటలను మీరే ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి.

మీ వృత్తిలో ఈ జంటలు ఇంకా ముఖ్యం. ‘పట్టడం’ తీసుకోండి. చెరువులో రొయ్యలు పట్టారు, కొత్తపట్నం జాలర్లు సముద్రంలో చేపలు పట్టారు. మనకు రెండూ పట్టడమే. ఇంగ్లీషులో సముద్రంలో పట్టినవైతే ‘క్యాచ్’, పెంచి తీస్తే ‘హార్వెస్ట్’. ఇది అందం కోసం చెప్పే తేడా కాదు. అమెరికా సూపర్ మార్కెట్లలో అమ్మే చేపలు, రొయ్యల మీద దేశం పేరుతో పాటు పెంచినవా, సముద్రంలో పట్టినవా అన్నదీ రాయాలని నిబంధన ఉంది. మీరు మెయిల్‌లో ‘కాట్ ఆన్ మండే’ అని రాస్తే, చదివేవాడికి ఇవి చెరువు రొయ్యలేనా అన్న అనుమానం రావడంలో వింత లేదు. అలాగే చెరువులో రొయ్య పిల్లలను వదలడం ‘స్టాక్’ అవుతుంది, కానీ అక్కడ మీరు స్టాక్ చేసేది చెరువును. చెరువు అన్నానని ‘ట్యాంక్’ అని రాయకండి. మనకు నీటిపారుదల చెరువు ఇంగ్లీషులో ‘ట్యాంక్’ కావడం బ్రిటిష్ కాలం నుంచీ అలవాటే. అమెరికా వాడికి ‘ట్యాంక్’ అంటే ఇనుప తొట్టో, గాజు తొట్టో. రొయ్యల చెరువు ‘పాండ్’.

మాటలతో పాటు ఒక అంకె కూడా. మన రైతు దగ్గర ముప్పై కౌంట్ అంటే కిలోకు ముప్పై రొయ్యలు. అమెరికా కొనుగోలుదారు కౌంట్ లెక్కపెట్టేది పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు. పక్కన ‘పర్ కేజీ’ అనో ‘పర్ పౌండ్’ అనో లేని కౌంట్ ఎక్కడ కనిపించినా నేనైతే మెయిల్ పంపను.

ఇక ఐదోది. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే: ‘ఐ రిపేర్డ్ ద ప్రింటర్ అండ్ సెంట్ ద పేపర్స్.’ మీరే స్క్రూడ్రైవర్ పట్టుకున్నారా? లేదు కదా, మనిషిని పిలిపించి బాగు చేయించారు. తెలుగులో ఎవరైనా అడిగితే ‘బాగు చేశాను’ అంటారా? ‘బాగు చేయించాను’ అంటారు. ఆ ‘ఇంచు’లో ఎంత స్పష్టత ఉంది! చేసింది వేరొకరు, చేయించింది నేను. వండాను, వండించాను. రాశాను, రాయించాను. ఇంత నిక్కచ్చిగా మాట్లాడే మనం ఇంగ్లీషులోకి వెళ్ళగానే ఆ సగాన్ని గడప బయట వదిలేస్తాం.

కొన్నేళ్ళ కిందట మా వీధిలో ఒక బియ్యం మిల్లు యజమాని ఉత్తరం పట్టుకుని వచ్చాడు. బస్తాల తూకంలో తేడా వచ్చిందని పొరుగు రాష్ట్రం వ్యాపారి ఫిర్యాదు చేశాడు. దానికి జవాబుగా ఈయన ‘ఐ రిపేర్డ్ ద వెయింగ్ మెషీన్’ అని రాసి పంపాడు. అవతలి నుంచి వచ్చిన ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న: కాటాను మీరే విప్పి సరిచేసుకుంటే ఆ తూకాన్ని మేము ఎలా నమ్మాలి? పాపం ఈయన లైసెన్సు ఉన్న మనిషితోనే చేయించాడు, రసీదు కూడా ఉంది. నా ముందు కూర్చుని ‘నేను చేయించాననే కదండీ రాసింది’ అని వాదించాడు. కాదు, మీరు చేశానని రాశారు. ఆ కాగితం మీదే కొట్టేసి ‘ఐ హాడ్ ద వెయింగ్ మెషీన్ రిపేర్డ్’ అని రాసి చూపించాను. వరస గమనించండి: ముందు ‘హాడ్’, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. ‘హాడ్’ బదులు ‘గాట్’ కూడా వాడతారు, కాస్త తేలిక స్వరం. వరస తారుమారై ‘హాడ్ రిపేర్డ్ ద మెషీన్’ అయితే మళ్ళీ మీరే బాగు చేసినట్టు, అదీ ఎప్పుడో. మన ‘ఇంచు’ క్రియకే అతుక్కుని ఉంటుంది, ఇంగ్లీషులో ఆ పనిని మాటల వరస చేస్తుంది. నీటి పరీక్షలు, శీతల గది మరమ్మతులు, ప్రయోగశాల నివేదికలు, ఇవన్నీ మీరు చేసేవి కావు, చేయించేవి. మీ మెయిళ్ళలో ఈ నిర్మాణం లేకుండా రోజు గడవదు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే రాతలో కంటే ఫోనులో ఇది ప్రమాదం. ‘కాగితాలు రాలేదా?’ అని తెలుగులో అడిగితే, రాకపోతే ‘అవును, రాలేదు’ అంటాం. అడిగినవాడి మాటను ఒప్పుకుంటున్నాం. ఇంగ్లీషులో ‘హావెంట్ యూ రిసీవ్డ్ ద పేపర్స్?’ అంటే, రాకపోతే జవాబు ‘నో’. అక్కడ ప్రశ్నతో సంబంధం లేదు, జరిగిందా లేదా అన్నదే లెక్క. మా పాత శిష్యుడొకడు చెన్నైలో సరుకు పంపే ఏజెంటు దగ్గర పనిచేసేవాడు. ఇలాంటి ప్రశ్నకు ‘ఎస్’ అని ఫోను పెట్టేశాడట. అవతలివాళ్ళు కాగితాలు అందాయనుకుని రెండు రోజులు నిశ్చింతగా కూర్చున్నారు. ఒట్టి ‘ఎస్’, ఒట్టి ‘నో’ అనకండి. ‘నో, వియ్ హావెంట్’ అని తోక తగిలించండి, అనుమానానికి చోటుండదు.

‘సీ’, ‘లుక్’ మధ్య తేడా కూడా రాశారు, పుస్తకంలో నాలుగు పేజీల వివరణ అర్థం కాలేదని. నాలుగు పేజీలు అక్కర్లేదు. కనపడటం ‘సీ’, చూడటం ‘లుక్’. వినపడటం ‘హియర్’, వినడం ‘లిజన్’. ప్రయత్నం లేకుండా తనంతట వచ్చి తగిలేది మొదటిది, మనం పనిగట్టుకుని చేసేది రెండోది. ఫోనులో ‘మీ మాట వినపడటం లేదు’ అనడానికి ‘ఐ యామ్ నాట్ లిజనింగ్ టు యూ’ అన్నారనుకోండి, అవతలివాడికి మీ మాట నేను వినను పో అన్నట్టు ఉంటుంది. ‘ఐ కాంట్ హియర్ యూ’ అనండి.

మీ మేనేజరు ‘ప్రీపోన్’ మీద కూడా గీత గీశాడని రాశారు. అక్కడ నేను మీ పక్షమే. పోస్ట్‌పోన్‌కు ఎదురుగా మనవాళ్ళు వాడుకలోకి తెచ్చుకున్న చక్కని మాట అది, ఇప్పుడు పెద్ద నిఘంటువుల్లోనూ చేరింది. ఇక్కడివాళ్ళకు రాసేటప్పుడు నిరభ్యంతరంగా వాడండి. విదేశీయుడికి రాసేటప్పుడు మాత్రం ‘మూవ్డ్ అప్ టు ట్యూస్‌డే’ అనండి, మాట తప్పని కాదు, అతనికి తెలియకపోవచ్చని. ‘రివర్ట్’ సంగతి వేరు. మన ఆఫీసుల్లో దానికి జవాబివ్వడం అని అర్థం. బయట దానికి పాత స్థితికి తిరిగి వెళ్ళడం అనే అర్థం. ‘ప్లీజ్ రివర్ట్ ఆన్ ద ప్రైస్’ అని రాస్తే పాత ధరకు వెళ్ళమన్నారేమోనని సంబరపడే కొనుగోలుదారు ఉండొచ్చు. ‘రిప్లై’ ఉండగా ఆ రిస్కు ఎందుకు?

చివరగా, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ తప్పా అని అడిగారు. తప్పు కాదు, బద్ధకం. చేయవలసింది చేయండి అంటే ఏది చేయాలో అవతలివాడు ఊహించుకోవాలి. రెండో పేజీ మీద సంతకం పెట్టి శుక్రవారంలోగా పంపమనడమే మీ ఉద్దేశమైతే అదే రాయండి: ‘ప్లీజ్ సైన్ పేజ్ టూ అండ్ సెండ్ ఇట్ బై ఫ్రైడే.’ ఆ ‘బై’ని జాగ్రత్తగా చూసుకోండి. ‘లోగా’ అయితే ‘బై’, ‘దాకా’ అయితే ‘టిల్’. మీరు పంపిన నమూనాలో ‘సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే’ అని ఉంది. అంటే శుక్రవారం దాకా ఆ కాగితాన్ని పంపుతూనే ఉండమన్నారన్నమాట.